నూనె రాసిన చేతులు

ప్రేమ్‌రాజ్ వేసిన నేల మీద మొదటిసారి అడుగు పెట్టడానికి అతని భార్య స్వరూప జంకింది. శంషాబాద్ దారిలో కొత్తగా కట్టిన మందుల గోదాము అది. పని పూర్తయి, తాళాలు అప్పజెప్పే రోజున, చూద్దువు రమ్మని ఆమెను బండి మీద ఎక్కించుకుని తీసుకెళ్లాడు. షట్టరు లేపేసరికి లోపలంతా నీళ్లు నిలిచినట్టు కనబడింది. పైకప్పు రేకులు, ట్యూబులైట్లు అన్నీ కింద తలకిందులుగా మెరుస్తున్నాయి. స్వరూప గుమ్మం దగ్గరే చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్లు కొంచెం పైకెత్తి, కాలి బొటనవేలు ఆనించి చూసింది.

“తడి గాదే, రా,” అని నవ్వాడు ప్రేమ్‌రాజ్.

“ఇదంతా నువ్వేసిందేనా?”

“అందరం కలిసి ఏసినం. ఆఖరి కోటు మాత్రం నాదే.”

ఆమె ఆ చివరి గోడ దాకా నడిచి వెళ్లి, వెనక్కి తిరిగి, తన అడుగుల జాడ ఏమైనా పడిందేమోనని చూసుకుంది. ఎక్కడా గీత లేదు. ఇంటికి వచ్చాక వారం రోజుల పాటు గల్లీలో కనబడినవాళ్లందరికీ ఆ నేల గురించే చెప్పింది.

చాంద్రాయణగుట్ట దాటి బార్కస్ వైపు వెళ్లే దారిలో, చర్చి వెనక గల్లీలో వాళ్ల ఇల్లు. రెండు గదులు, ముందు చిన్న వసారా. ప్రేమ్‌రాజ్ తండ్రి ప్రకాశం బస్సు డిపోలో మెకానిక్‌గా ఉన్నప్పుడు కట్టింది. ఆయన పోయాక తల్లి నాగమణమ్మ, ప్రేమ్‌రాజ్, స్వరూప, కూతురు స్వీటీ ఆ రెండు గదుల్లోనే సర్దుకున్నారు. స్వీటీ తొమ్మిదో తరగతి.

ప్రేమ్‌రాజ్ మొదట ఇళ్లకు సున్నాలు, రంగులు వేసేవాడు. అతని చెయ్యి నిలకడ చూసి వైకుంఠం అనే కాంట్రాక్టరు ఎపాక్సీ పనిలోకి తీసుకెళ్లాడు. ఫ్యాక్టరీలకు, గోదాములకు, ఆసుపత్రులకు వేసే నున్నటి నేల పని అది. ఒక డబ్బాలో జిగురులాంటి రెజిన్, ఇంకో డబ్బాలో దాన్ని గట్టిపరిచే హార్డ్‌నర్ వస్తాయి. రెండూ కలిపిన క్షణం నుంచి అది వేడెక్కుతూ గట్టిపడుతూ ఉంటుంది. ఎండ ముదిరితే బకెట్లోనే రాయైపోతుంది. అందుకే పొద్దున్నే మొదలుపెట్టి, అడుగున మేకులున్న చెప్పులు వేసుకుని ఆ తడి మీదే నడుస్తూ, బుడగ లేకుండా, గీత లేకుండా పరిచేయాలి. తొందరపడితే అల పడుతుంది. ఆలస్యమైతే అతుకు కనబడుతుంది. ప్రేమ్‌రాజ్ చేతిలో రెండూ జరిగేవి కావు. వైకుంఠం పెద్ద పని ఏది పట్టినా ముందు ప్రేమ్‌రాజ్‌కే ఫోన్ చేసేవాడు.

పనిలో చేరిన మొదటిరోజే అతని వేళ్లు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. కుళాయి కింద సబ్బుతో తోముకుంటుంటే వైకుంఠం చూసి నవ్వాడు.

“సబ్బుతోని ఏం పోతదిరా? ఇగో, థిన్నర్ల ముంచి తుడువు. ఒక్క నిమిషంల సాఫ్.”

నిజంగానే ఒక్క నిమిషంలో పోయింది. ఆ బకెట్లోనే అందరూ రోలర్లు కడిగేవాళ్లు, అందరూ చేతులు ముంచేవాళ్లు. గ్లౌజులు వేసుకుంటే చేతికి పట్టు దొరకదని ఎవరూ వేసుకునేవాళ్లు కాదు. డబ్బాల మీద చేతి తొడుగుల బొమ్మ ఉండేది, పక్కన ఇంగ్లీషులో సన్నటి అక్షరాలు ఉండేవి. డబ్బా మూత తియ్యడమే తప్ప దాన్ని చదివినవాళ్లు లేరు.

మధ్యాహ్నం మూడింటికల్లా ప్రేమ్‌రాజ్ ఇంటికి చేరేవాడు. మోచేతుల మీద, మెడ మీద, చెవుల వెనక ఇంకా జిగట మరకలు ఉండేవి. స్వరూప వసారాలో పీట వేసి కూర్చోబెట్టి, పాత లంగా చింపిన గుడ్డముక్కను అతను సీసాలో తెచ్చిన థిన్నర్‌లో తడిపి ఒక్కొక్క మరకనూ తుడిచేది. చల్లగా తగిలి ఆవిరైపోయే ఆ థిన్నర్ ఆమె వేళ్లకు హాయిగా ఉండేది. గట్టిపడిపోయిన చుక్కలుంటే పాత బ్లేడు అంచుతో, అతనికి నొప్పి తెలియకుండా గీకేది.

“మీ మామ గట్లనే వచ్చెటోడు. గ్యాస్‌నూనె పోసి, రంపంపొట్టుతోని రుద్దెటిదాన్ని,” అని నాగమణమ్మ లోపలినుంచి ఆ కిరసనాయిలు రోజులు తలుచుకుంటూ అనేది. మగవాడి ఒంటికంటిన పని మరకను ఇంటి ఆడది వదిలించడం ఆ ఇంట్లో కొత్తేమీ కాదు.

రోజు మొత్తంలో ఆలుమగలిద్దరూ తీరిగ్గా మాట్లాడుకునేది ఆ కాసేపే. పనిలో ఎవరు ఏమన్నారో, స్వీటీ లెక్కల పరీక్ష ఎలా రాసిందో, చర్చిలో ఎవరి పెళ్లి ఖాయమైందో అన్నీ ఆ తుడుపులోనే తెలిసేవి. అది ముగిశాక స్వరూప ముఖం కడుక్కుని, పిండి డబ్బా, పెనం, కట్టెలు సర్దుకుని తన బండి దగ్గరికి వెళ్లేది.

ఆమెది జొన్నరొట్టెల బండి. చౌరస్తాలో మందుల షాపు పక్కన సాయంత్రం పొయ్యి ముట్టిస్తే చీకటి పడేదాకా చేతికి ఖాళీ ఉండేది కాదు. వేడినీళ్లతో పిండి కలిపి, అరచేతుల మధ్య తిప్పుతూ, పీట మీద తడుతూ ఉంటే ఆ చప్పుడు వినే జనం ఆగేవాళ్లు. షుగరొచ్చినవాళ్లు, పళ్లు కదిలిన ముసలివాళ్లు, వంట చేసుకునే ఓపిక లేక ఆఫీసు నుంచి వస్తూ ఆగేవాళ్లు, బార్కస్ నుంచి వచ్చే తురక ఆడవాళ్లు. “స్వరూప రొట్టె పొద్దటికి గూడ మెత్తగనే ఉంటది,” అని పేరు.

దురద మొదట వేళ్ల సందుల్లో మొదలైంది. ఎండాకాలం కదా, చెమటపొక్కులనుకుంది. తర్వాత ఆవగింజలంత నీటి బుగ్గలు లేచాయి, చిట్లాయి, తోలు ఊడింది. గిన్నెల సబ్బు మార్చి చూసింది. మందుల షాపతను ఇచ్చిన ట్యూబు రాస్తే నాలుగురోజులు తగ్గి, మానెయ్యగానే అంతకు రెండింతలు వచ్చింది. వానాకాలం వచ్చేసరికి అరచేతులు నెర్రెలిచ్చాయి. ఒక ఆదివారం కనురెప్పలు వాచి కళ్లు సగమే తెరుచుకున్నాయి. చర్చిలో కొంగు నుదుటి మీదికి లాక్కుని కూర్చుంది.

“దిష్టి తగిలిందే నీకు. బండి కాడ ఎందరి కండ్లు పడ్తున్నయో,” అంది నాగమణమ్మ. దిష్టి తీయడం పాస్టరుగారికి నచ్చదని తెలిసి కూడా, ఎవరూ చూడకుండా ఉప్పు తిప్పి పోసింది.

ఆ చేతులతోనే స్వరూప రొట్టెలు తట్టింది. వేడిపిండి నెర్రెల్లో పడితే పళ్లు బిగించేది. అయితే నొప్పిని దాచుకోగలిగింది కానీ చేతుల్ని ఎక్కడ దాచుకుంటుంది? కొనేవాళ్ల కళ్లెదుటే కదా తట్టాలి. ఒక్కొక్కరే “ఇయ్యాల వద్దులే” అనడం మొదలుపెట్టారు. ఎప్పటినుంచో రోజూ వచ్చే ఒక బార్కస్ ఆవిడ ముసుగు పైకెత్తి, పెనం మీద కాలుతున్న రొట్టెను కాకుండా ఆమె చేతులనే చూస్తూ నిలబడింది.

“అరే స్వరూపా, హాథోంకో క్యా హువా రీ?”

“పిండి పడ్తలేదమ్మా. తగ్గిపోతది.”

“పైలే ఇలాజ్ కరాలే బేటా,” అందావిడ మెల్లగా, ముందు వైద్యం చేయించుకొమ్మని. అడిగిన రొట్టెలు తీసుకోకుండానే, బాధపడుతూ వెళ్లిపోయింది. ఇంకెవరైనా ఆ మాటే విసురుగా అని ఉంటే స్వరూప బదులు చెప్పేది. ఆవిడ మంచిగా చెప్పింది కాబట్టి ఆ సాయంత్రం పిండి మిగిలి ఉండగానే పొయ్యి ఆర్పింది. మరుసటిరోజు బండి తియ్యలేదు. ఆ తర్వాత మళ్లీ తియ్యనే లేదు.

బండి ఆగిపోయాక ప్రేమ్‌రాజ్ ఇంటి పనంతా మీదేసుకున్నాడు. గిన్నెలు తోమాడు, బట్టలు పిండాడు. “నా మరకలు నువ్వు తుడువకు, నేనే కడుక్కొని వస్త,” అని పనిచోటే బకెట్లో చేతులు ముంచి, తుడుచుకుని వచ్చేవాడు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు కొబ్బరినూనెలో వేపాకు వేసి కాచి, చల్లార్చి, స్వరూప చేతుల్ని ఒళ్లో పెట్టుకుని నూనె రాసేవాడు. ఒక్కొక్క వేలినీ, ఒక్కొక్క నెర్రెనూ, తన బొటనవేలి కొసతో నిమురుతూ రాసేవాడు.

ఇంత మెత్తగా అతని చెయ్యి తాకడం ఆమెకు పెళ్లయిన కొత్తలో కూడా తెలియదు. సిగ్గుపడేది. స్వీటీ చూస్తుందని చెయ్యి లాక్కోబోయేది.

“సూడనియ్యి. వాళ్లమ్మ చెయ్యే గదా,” అనేవాడతను.

నూనె పెట్టిన కాసేపు ఆమెకు సుఖంగానే ఉండేది. తెల్లవారి లేచేసరికి చేతులు ఇంకా వాచి ఉండేవి. కొబ్బరినూనె పడలేదేమోనని నువ్వులనూనె తెచ్చాడు. అదీ పడలేదనుకుని ఆముదం తెచ్చాడు. వాపు తగ్గని కొద్దీ ఇంకొంచెం ఎక్కువసేపు రాశాడు.

చివరికి ఇద్దరూ అఫ్జల్‌గంజ్ పెద్దాసుపత్రికి వెళ్లారు. చర్మం డాక్టరు ఇంద్రజ అనే ఆవిడ. నెమ్మదిగా మాట్లాడే మనిషి. స్వరూప వీపు మీద, ఒక్కోదానిలో ఒక్కో పదార్థం ఉన్న చిన్న చిన్న బిళ్లలు వరసగా అంటించి, తడి తగలనివ్వకుండా రెండు రోజులుంచి మళ్లీ రమ్మంది. తిరిగి వెళ్లి బిళ్లలు తీయించుకుంటే ఒక్కచోట మాత్రం పొక్కులతో ఎర్రగా ఉబ్బి ఉంది.

“మీకు పడనిది ఎపాక్సీ అమ్మా. మీరేం పని చేస్తారు?”

“జొన్నరొట్టెలు చేస్త మేడమ్.”

డాక్టరు ఒకసారి కాగితం చూసి, మళ్లీ ఆమెను చూసింది. వెనక నిలబడ్డ ప్రేమ్‌రాజ్ ముందుకొచ్చాడు.

“ఎపాక్సీ పని నాది మేడమ్. ఆమెది కాదు. నాకేం కాలేదు, సూడుండ్రి,” అని రెండు చేతులూ చాపాడు.

“మీకు కాకపోవచ్చు. ఎవరి ఒంటికి పడదో ముందుగా చెప్పలేం. రోజూ కొంచెం కొంచెం తగులుతూ ఉంటే, ఇన్నాళ్లూ ఏమీ అనని ఒళ్లు ఒకరోజు ఒద్దంటుంది. అలా ఒకసారి అన్నదంటే ఇక ఎప్పటికీ ఒద్దనే అంటుంది. మీ బట్టలు ఎవరు ఉతికేవాళ్లు? ఒంటి మీది మరకలు ఎవరు తీసేవాళ్లు?”

స్వరూప తల దించుకుని, థిన్నర్ గుడ్డ సంగతి చెప్పింది.

“గ్లౌజులు లేకుండానా?”

“లేకుండనే.”

ఇంద్రజ చేతిలోని కాగితం పక్కన పెట్టి విడమరిచి చెప్పింది. థిన్నర్ చర్మం మీద ఉండే నూనెనంతా లాగేస్తుంది. ఆపైన ఎపాక్సీని పలచగా కరిగించి అదే లోపలికి ఇంకేలా చేస్తుంది. మరక కనబడకుండా పోతుంది కాబట్టి పోయిందనుకుంటాం.

“మరి ఇప్పుడు చేతులకు ఏం రాస్తున్నారు?”

“నూనె మేడమ్. ఏపాకు ఏసి కాస్త. నేనే రాస్త, ఒక్క రోజు గూడ ఇడువలే,” అన్నాడు ప్రేమ్‌రాజ్. ఆ ఒక్క ప్రశ్నకైనా తన దగ్గర మంచి జవాబు ఉందన్న ధీమాతో అన్నాడు.

డాక్టరు అతని చెయ్యి లైటు కిందికి లాగి గోళ్ల మొదళ్లు చూసింది. గోటి చుట్టూ, వేలి ముడతల్లో, సన్నగా గాజుపొరలాంటిది అంటుకుని ఉంది. కొంచెం జిగటగా కూడా ఉంది.

“ఇదేంటి?”

“అది ఎప్పుడూ ఉంటది మేడమ్. థిన్నర్‌తో గూడ పోదు.”

ఆవిడ అతని చెయ్యి వెంటనే వదల్లేదు. ఏమని చెప్పాలా అన్నట్టు స్వరూప వైపు చూసింది. ఆ చూపులోనే ప్రేమ్‌రాజ్‌కు అంతా అర్థమైంది. చెయ్యి వెనక్కి తీసుకుని చొక్కా కింద పెట్టుకున్నాడు.

“ఆయనకు తెల్వదు మేడమ్,” అంది స్వరూప. “తెలిసి చెయ్యలే.”

“నాకు తెలుసమ్మా,” అంది డాక్టరు.

అటుపైన ఆవిడ చెప్పినవన్నీ అతను తల వంచుకుని విన్నాడు. ఒంటికి అంటగానే ముందు పొడిగుడ్డతోనో కాగితంతోనో అద్ది తీసెయ్యాలి. ఆ గుడ్డ మళ్లీ వాడకూడదు. తర్వాత గోరువెచ్చని నీళ్లు, మామూలు సబ్బు, జిగట వదిలేదాకా. గట్టిపడ్డ చుక్కను బ్లేడుతో గీకకూడదు. సబ్బునీళ్లలో నానబెట్టి నూనె రాసి వదిలేస్తే నాలుగు రోజుల్లో పైతోలుతో పాటు అదే ఊడిపోతుంది. థిన్నర్ చర్మానికి తగలనే కూడదు. అన్నిటికంటే ముందు, నైట్రైల్ అనే రబ్బరు గ్లౌజులు వేసుకోవాలి, అవి మురికవ్వగానే మార్చాలి. పనిబట్టలు ఇంటికి తీసుకురాకూడదు.

“ఇన్నేండ్లల్ల ఎవ్వరు చెప్పలే మేడమ్,” అన్నాడు చివరికి. ఆ మాట ఎవరి మీదా నేరం మోపినట్టు లేదు.

తిరుగు బస్సు మూసీ వంతెన దాటుతుంటే స్వరూప పక్క సీటు ఖాళీగా ఉంది. ప్రేమ్‌రాజ్ కూర్చోలేదు. తలుపు దగ్గర నిలబడి, కడ్డీని చేత్తో పట్టుకోకుండా మోచెయ్యి మెలిపెట్టి ఊగుతూ వచ్చాడు.

ఆ మర్నాటి నుంచి అతను డాక్టరు చెప్పిన ఏ ఒక్కటీ తప్పలేదు. నీలం గ్లౌజుల పెట్టె తనే కొనుక్కున్నాడు. పనిచోట ఒక మూల పాత దినపత్రికలు, చింపిన గుడ్డలు, సబ్బు, వేడినీళ్ల ఫ్లాస్కు పెట్టుకున్నాడు. థిన్నర్ బకెట్ దగ్గరికి ఎవరు వెళ్లినా ఆపేవాడు.

“రోలర్లు కడుగుండ్రి. చేతులు మాత్రం ముంచకుండ్రి. ముందు ఈ పేపర్‌తో తుడువుండ్రి.”

కొందరు విన్నారు. కొందరు నవ్వారు. వైకుంఠం విసుక్కున్నాడు. “నీ పెండ్లానికి పడలేదని మందికి పడదా? నేను ఇరవయ్యేండ్ల సంది ముంచుతున్న, నాకేమైంది?”

“ఆమెకు గూడ మొదలు ఏం గాలే అన్నా,” అన్నాడు ప్రేమ్‌రాజ్.

పనిబట్టలు పనిచోటే వదిలి, సబ్బుతో స్నానం చేసి, వేరే బట్టలు కట్టుకుని ఇంటికొచ్చేవాడు. స్వరూపను తాకేవాడు కాదు. డాక్టరు ఇచ్చిన మందును స్వీటీ రాసేది. కొన్నాళ్లకు వాపు తగ్గింది, నెర్రెలు పూడాయి, పల్చటి కొత్త తోలు గులాబీరంగులో వచ్చింది. ఇంట్లో అందరికీ ప్రాణం లేచివచ్చింది. “మల్ల బండి తీద్దామా?” అని స్వరూప అత్తను అడిగింది కూడా.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం ప్రేమ్‌రాజ్ దుకాణానికి వెళ్లినప్పుడు ఇంట్లో అతని ఫోన్ మోగింది. స్వరూప తీసి చెవి దగ్గర పెట్టుకుంది. చర్చి పాటల గుంపులోని అమల, క్రిస్మస్ చీరల గురించి. చాలాసేపు మాట్లాడుకున్నారు. మర్నాటికి ఆమె కుడి చెవి, చెంప, మెడ ఎర్రగా పొంగి, రసి కారాయి. ఫోన్ పట్టుకున్న చేతివేళ్ల సందుల్లో మళ్లీ బుగ్గలు లేచాయి.

ఎక్కడినుంచి వచ్చిందో తెలియక ఇల్లంతా వెతికారు. చివరికి ప్రేమ్‌రాజ్‌కే తోచింది. పని మధ్యలో వైకుంఠం ఫోన్ చేస్తే, మురికి గ్లౌజుతోనే జేబులోంచి తీసి మాట్లాడేవాడు. ఫోన్ వెనక కవరు అంచున వేలితో తడిమి చూశాడు. జిగటగా తగిలింది.

“అన్నీ కడిగిన. దీన్నొక్కదాన్నే మర్చిపోయిన,” అంటూ అక్కడే నేల మీద కూలబడ్డాడు.

“పోనీ తియ్యి. తగ్గుతది,” అంది స్వరూప. మాట్లాడితే చెంప లాగుతోంది.

“ఇయ్యాల ఫోన్. రేపు మోటర్‌బండి తాళం. ఎల్లుండి ఇంకోటి. నేను ఎన్నని యాదివెట్టుకోవాలె?”

అప్పట్నుంచి అతను వసారాలోనే పడుకున్నాడు. కంచం, చెంబు వేరుగా పెట్టుకున్నాడు. స్వీటీ అన్నం వడ్డించి తీసుకొచ్చి పెట్టేది. గది లోపలినుంచి స్వరూప, వసారాలోంచి అతను, నడిమి గుమ్మానికి అటూఇటూ కూర్చుని మాట్లాడుకునేవాళ్లు. ఎవరూ ఎవరినీ తిట్టలేదు. తిట్టుకుని ఉంటే బాగుండేదని నాగమణమ్మకు అనిపించేది.

“నువ్వు పని ఇడువాలని నేను అనలే,” అంది స్వరూప ఒకరోజు.

“నువ్వు అనలే.”

“గంత పేరు తెచ్చుకున్నవు. నీ చేతిల ఉన్న పని అది.”

“నా చేతిల ఉన్నది ఏందో చూసినవు గదనే,” అన్నాడతను.

అదే రోజుల్లో వైకుంఠానికి పెద్ద పని దొరికింది. కొత్త ఆసుపత్రి, ఆరు అంతస్తులు, ఆపరేషన్ గదులతో సహా. అతుకు కనబడకుండా, మూలలు గుండ్రంగా గోడలోకి లేచేలా నేల వెయ్యాలి. అలాంటిది ప్రేమ్‌రాజ్ తప్ప ఎవరూ వెయ్యలేరు. ప్రేమ్‌రాజ్ వైకుంఠం ఇంటికి వెళ్లి, రానని చెప్పాడు. వైకుంఠం మొదట కేకలేశాడు. ఇంకో కాంట్రాక్టరు గుంజుకున్నాడా అని అడిగాడు. ప్రేమ్‌రాజ్ తల అడ్డంగా ఊపి, మేకుల చెప్పులు ఆయన గుమ్మం పక్కన పెట్టి లేచాడు.

“జెర ఆగు,” అని వైకుంఠం గొంతు తగ్గించాడు. “ఆమెకు ఎట్లున్నది?”

“గట్లనే ఉన్నది అన్నా.”

వైకుంఠం తన చేతుల్ని ఒకసారి తిప్పి చూసుకున్నాడు.

తర్వాత ప్రేమ్‌రాజ్‌కు గుడిమల్కాపూర్ మార్కెట్లో పని దొరికింది. లారీల నుంచి కూరగాయల బస్తాలు దించడం, షాపుల దాకా మొయ్యడం. నలభై దాటిన ఒంటికి అది తేలికైన పని కాదు. నడుం పట్టేసేది. పోయేదారిలో ఏదైనా కొత్త షోరూమ్ తలుపు తెరిచి ఉంటే అతని కాళ్లు వాటంతట అవే ఆగేవి. నేల వంక చూసేవాడు. ఒక మూల బుడగ కనబడితే, ఎవరు వేశారో, ఎక్కడ తొందరపడ్డారో అతనికి తెలిసిపోయేది. వాచ్‌మన్ అదిలించేదాకా అక్కడే నిలబడేవాడు.

ఎపాక్సీ ఇంట్లోంచి పూర్తిగా పోయింది. పాత బట్టలు, చెప్పులు, బండి సీటు కవరు, అన్నీ పారేశాడు. స్వరూప చెంప మానింది. చేతులు మానాయి కానీ మునుపటి చేతులు కావు. తోలు పల్చబడి, వేలిముద్రలు అరిగి, రేషన్ షాపులో మెషీన్ మీద వేలు పెడితే పట్టుకునేది కాదు. ఒక సాయంత్రం ఎవరికీ చెప్పకుండా వేడినీళ్లు కాచి, పిడికెడు జొన్నపిండి కలిపి, ఒక రొట్టె తట్టి చూసింది. రొట్టె గుండ్రంగానే వచ్చింది. మర్నాటికి అరచేతులు మళ్లీ ఎర్రబడ్డాయి. ఈసారి అది ఎపాక్సీ కాదు. పల్చబడిన తోలు వేడిని ఓర్చుకోలేకపోయింది. బండిని సక్కుబాయి అనే ఆమెకు ఇచ్చేశారు. అదే చౌరస్తాలో, అదే మందుల షాపు పక్కన ఆమె పెట్టుకుంది. స్వరూప ఆ దారిన వెళ్లాల్సి వస్తే వెనక గల్లీలోంచి చుట్టు తిరిగి వెళ్లేది.

ప్రేమ్‌రాజ్ మాత్రం వసారాలోంచి లోపలికి రాలేదు. మార్కెట్ నుంచి రాగానే కుళాయి దగ్గర కూర్చుని చేతులు కడిగేవాడు. సబ్బుతో కడిగి, ఆరబెట్టుకుని, గోళ్ల సందులు చూసుకుని, మళ్లీ కడిగేవాడు. వంకాయల మట్టి, కొత్తిమీర పసరు తప్ప అక్కడ ఏమీ ఉండేది కాదు. కడిగీ కడిగీ అతని వేళ్ల కణుపులే పగిలి నెత్తురు చిమ్మసాగాయి.

“డాక్టరమ్మ నీ పని వద్దన్నది. నిన్ను వద్దనలే,” అని స్వరూప ఒకసారి గట్టిగానే అరిచింది. “ఇంక దేనికి దూరం కూసుంటవు?”

“ఎక్కడన్న ఉండి ఉంటే?”

“ఏడుంటదయ్యా? ఆ పని ఇడిచి ఏడాది గావస్తుంది.”

“నాకు గూడ తెలుసు,” అన్నాడతను. “చెయ్యి సాపుదమంటే వస్తలేదు.”

ఆమె అతని కోసం నేర్చుకున్న ఓర్పంతా ఆ ఒక్క మాట దగ్గర ఖర్చయిపోయింది. లోపలికి వెళ్లి తలుపు వేసుకుని ఏడ్చింది. రోగం మొదలైన నాటినుంచి ఆమె అంతగా ఏడవడం స్వీటీ చూడలేదు.

ఆ తర్వాత వచ్చిన వానల్లో నాగమణమ్మ పోయింది. మూడు రోజుల జ్వరం, అంతే. ముసురు పట్టిన మధ్యాహ్నం ఆమెను సమాధుల తోటలో భర్త పక్కనే దించారు. పాస్టరుగారు ప్రార్థన ముగించాక, అయినవాళ్లంతా తలా పిడికెడు మట్టి వెయ్యడానికి ముందుకు వచ్చారు. మట్టి తడిసి గులకరాళ్లతో ముద్దగా ఉంది. స్వరూప వంగబోతుంటే ప్రేమ్‌రాజ్ కంగారుగా, “నువ్వొద్దు, చేతులకు గీస్కపోతయి,” అన్నాడు.

స్వరూప వినలేదు. రెండు చేతులా మట్టి తీసి అత్త మీద వేసింది. వేసి, ఆ మట్టిచేత్తోనే పక్కనున్న అతని చెయ్యి పట్టుకుంది. అతను ఉలిక్కిపడి లాక్కోబోయాడు. చుట్టూ బంధువులు, పాటలు పాడే గుంపు, డిపోలో తండ్రితో పనిచేసిన ముసలివాళ్లు ఉన్నారు. అందరి ముందూ భార్య చెయ్యి విదిలించలేకపోయాడు. ఆమె వదలకుండా బిగించి పట్టుకుంది. కాసేపటికి అతని భుజాలు కదలడం మొదలైంది. తర్వాత గొంతెత్తి ఏడ్చాడు. తల్లి మీద అంత ప్రేమ ఉందని ఎవరూ అనుకోలేదని తర్వాత బంధువులు చెప్పుకున్నారు.

ఇంటికి వచ్చాక అతను నిద్రపోలేదు. తెల్లారుతూనే స్వరూప దగ్గరికి వచ్చి, ఏదీ, చెయ్యి చూపించమన్నాడు. ఆమె అరచెయ్యి వెలుతురులో పెట్టింది. గులకరాయి గీసిన సన్నటి గీత ఒకటి ఉంది. ఎర్రదనం లేదు, పొక్కు లేదు. అతను వంగి చాలాసేపు చూశాడు, కానీ ముట్టుకోలేదు.

“ఏం లేదు గదా?” అంది స్వరూప.

“ఏం లేదు,” అన్నాడు.

ఆదివారం దాటాక మార్కెట్‌కు బయల్దేరాడు. ఆ సాయంత్రం వచ్చి, కుళాయి దగ్గర ఎప్పటిలాగే కడుక్కుని, తల్లి పడుకునే మంచం ఖాళీగా ఉండటంతో వసారాలోంచి తన పక్కబట్టలు తెచ్చి దాని మీద వేసుకున్నాడు. ఆ మంచం స్వరూప, స్వీటీ పడుకునే గదిలోనే, కిటికీ పక్కన ఉంది. స్వరూప ఇంకో దుప్పటి తీసి ఆ మంచం మీద కాళ్లవైపు పెట్టి, తన పక్క మీదికి వెళ్లి పడుకుంది.